టెస్టర్‌లో అన్ని లైట్లూ వెలిగాయి, అయినా రికార్డింగ్ పోయింది: ఆడియో కేబుల్‌ని సరిగ్గా చెక్ చేయడం ఎలా?

ఫ్రెండ్స్, ఈసారి ఫోన్ రివ్యూ కాదు. కెమెరా, బ్యాటరీ, ప్రాసెసర్ గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం కానీ, ఫోన్‌కి తగిలించే కేబుల్ గురించి ఎవరం పట్టించుకోం. నేనూ పట్టించుకోలేదు. దానికి నేను కట్టిన ధర ఏంటో ముందు చెప్తాను, తర్వాత పాఠంలోకి వెళ్దాం.

రెండేళ్ల కిందట దసరా సెలవులకి హైదరాబాద్ నుంచి బోధన్ వెళ్లాను. మా తాత శక్కర్‌నగర్‌లోని షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. 1937లో మొదలైన నిజాం షుగర్స్ అది. అక్కడి క్వార్టర్స్‌లో ఆడవాళ్లంతా కలిసి బతుకమ్మ ఆడిన రోజుల్లో పాడిన పాటలు మా నానమ్మకి చాలా వచ్చు. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడింది. దాని మీద బతికిన కుటుంబాలు ఒక్కొక్కటే ఎటో వెళ్లిపోయాయి. ఆ పాటల్లో కొన్నింటిని మా వాడలో ఇప్పుడు పాడేవాళ్లే లేరు. అందుకే నానమ్మ గొంతులో రికార్డ్ చేద్దామనుకున్నా.

సెటప్ సింపుల్. నిజామాబాద్‌లో సౌండ్ సిస్టమ్ నడిపే ఒక అన్న దగ్గర డైనమిక్ మైక్, 5 మీటర్ల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ అడిగి తెచ్చుకున్నా. చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ నాదే, టైప్-సీ పోర్టులో ఫోన్‌కి కనెక్ట్ అవుతుంది. చేతిలో పట్టే కేబుల్ టెస్టర్ కూడా నా దగ్గర ఉంది. కేబుల్ రెండు కొనలూ అందులో పెట్టాను. 1, 2, 3 మూడు లైట్లూ టకటకా వెలిగాయి. ఓకే అనుకుని రికార్డింగ్ మొదలుపెట్టా.

నానమ్మ 47 నిమిషాలు పాడింది. రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నా. మొదటి 11 నిమిషాలు అద్దంలా ఉంది. ఆ తర్వాత నానమ్మ మైక్‌ని కుడి చేతి నుంచి ఎడమ చేతికి మార్చుకుంది. అక్కడి నుంచి కరకర శబ్దం. కాసేపటికి గొంతు సన్నగా, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు. ఆ తర్వాత అదీ లేదు.

"రేపు మళ్లొక్కసారి పాడ్తవా నానమ్మా?" అని అడిగా.

"రేపు సద్దుల బతుకమ్మ గద బిడ్డా, మస్తు పనుంటది. సంక్రాంతికి వస్తవ్ గదా, అప్పుడు తీరువాటంగ పాడ్త" అంది.

ఆ సంక్రాంతికి నానమ్మ లేదు.

కేబుల్ తిరిగి ఇవ్వడానికి వెళ్లినప్పుడు అన్నకి సంగతి చెప్పా. ఆయన అదే కేబుల్‌ని నా టెస్టర్‌లోనే పెట్టి, మైక్ వైపు కనెక్టర్ దగ్గర వైర్‌ని వేళ్లతో వంచాడు. 2వ నంబర్ లైట్ ఆరింది. వదిలితే వెలిగింది. "లైట్ చూసినవ్ తమ్మీ, వైర్‌ను కదిలించి చూసినవా?" అన్నాడు. ఈ ఆర్టికల్ మొత్తం ఆ ఒక్క ప్రశ్నకి జవాబే.

టెస్టర్ అసలు ఏం చేస్తుంది?

లోపల పెద్ద మాయేమీ లేదు. టెస్టర్ ఒక వైపు సాకెట్‌లోని ఒక్కో పిన్‌కి చిన్న వోల్టేజ్ పంపుతుంది. రెండో వైపు ఏ పిన్‌లో అది వచ్చిందో చూస్తుంది. వచ్చిన చోట లైట్ వెలుగుతుంది. అంతే. అంటే ఇది అడిగే ప్రశ్న ఒకటే: "ఈ క్షణంలో, ఈ వైర్ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉందా?" సౌండ్ క్వాలిటీ బాగుందా, రేపు కూడా పనిచేస్తుందా అనేవి దానికి తెలియవు.

ఇలాంటి టెస్టర్‌లలో సాధారణంగా కనిపించే సాకెట్లు ఇవి:

ఎక్స్‌ఎల్‌ఆర్: మన సౌండ్ వాళ్లు కేనన్ పిన్ అంటారు. మూడు పిన్‌లు. 1 గ్రౌండ్, 2 ప్లస్, 3 మైనస్.

6.35 ఎంఎం జాక్: షాపులో పీ38 అని అడిగితే ఇస్తారు. మోనో అయితే కొన (టిప్), ఒళ్లు (స్లీవ్) రెండే భాగాలు. స్టీరియో అయితే మధ్యలో ఒక రింగ్ ఎక్కువ.

3.5 ఎంఎం జాక్: ఈపీ పిన్. మన ఇయర్‌ఫోన్స్‌కి ఉండేది.

ఆర్‌సీఏ: పాత టీవీ, డీవీడీ ప్లేయర్‌ల వెనుక కనిపించే ఎరుపు, తెలుపు పిన్‌లు.

మొదలుపెట్టే ముందు

కేబుల్ రెండు కొనలూ బయటకి తీయాలి. ఒక కొస మిక్సర్‌లో ఉండగా రెండో కొస టెస్టర్‌లో పెట్టొద్దు. మిక్సర్‌లో ఫాంటమ్ పవర్ ఆన్‌లో ఉంటే ఆ కేబుల్‌లో 48 వోల్టులు ఉంటాయి. ఆంప్లిఫయర్ స్పీకర్ అవుట్‌పుట్‌కి తగిలి ఉన్న కేబుల్‌ని అయితే అసలు ముట్టుకోవద్దు, టెస్టర్ కాలిపోవచ్చు. అలాగే టెస్టర్ బ్యాటరీ చూసుకోండి. బ్యాటరీ వీక్ అయితే లైట్లు మసకగా వెలిగి, మంచి కేబుల్‌ని కూడా అనుమానించాల్సి వస్తుంది. అందుకే ఒక మంచి కేబుల్‌ని గుర్తు పెట్టి పక్కన ఉంచుకోండి. ముందు దాంతో టెస్టర్‌ని టెస్ట్ చేయండి, తర్వాత టెస్టర్‌తో మిగతావి.

లైట్లు చదవడం

ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ పెట్టారనుకోండి. నాలుగు రకాల రిజల్ట్స్ వస్తాయి.

ఒకటి: 1కి 1, 2కి 2, 3కి 3. ఇది సరైన కేబుల్.

రెండు: ఏదో ఒక లైట్ రాలేదు. ఆ వైర్ తెగింది, లేదా టంకం ఊడింది. డైనమిక్ మైక్‌లో కాయిల్ 2, 3 పిన్‌ల మధ్య ఉంటుంది కాబట్టి, వాటిలో ఏది తెగినా వాయిస్ దాదాపు పోతుంది. 1 తెగితే డైనమిక్ మైక్ పాడుతూనే ఉంటుంది కానీ గుంయ్ మని హమ్ తోడవుతుంది. కండెన్సర్ మైక్ అయితే పూర్తిగా ఆగిపోతుంది, ఎందుకంటే ఫాంటమ్ కరెంట్ తిరిగి వెళ్లే దారి 1వ పిన్నే. "ఒక మైక్ పనిచేస్తుంది, ఇంకో మైక్ పనిచేయదు, కాబట్టి మైక్ పాడైంది" అని చాలామంది పొరపడేది ఇక్కడే.

మూడు: ఒక పిన్‌కి రెండు లైట్లు వెలిగాయి. అంటే రెండు వైర్లు ఎక్కడో అంటుకున్నాయి, అదే షార్ట్. కానీ తొందరపడి పారేయొద్దు. ఒక వైపు కేనన్, ఇంకో వైపు మోనో పీ38 ఉన్న కేబుల్‌లో 1, 3 రెండింటినీ కావాలనే స్లీవ్‌కి కలుపుతారు. అక్కడ అది తప్పు కాదు, డిజైన్. కాబట్టి లైట్లు చూసే ముందు "ఈ కేబుల్ ఎలా ఉండాలి?" అనేది తెలిసి ఉండాలి. కోడ్‌కి టెస్ట్ రాసేటప్పుడు రావాల్సిన జవాబు ముందే రాసుకుంటాం కదా, ఇదీ అంతే.

నాలుగు: 2కి 3, 3కి 2. వైర్లు తారుమారు. ఇది అన్నిటికంటే దొంగ తప్పు. ఒక్క మైక్ వాడినంతసేపూ ఏ తేడా తెలియదు. రెండు మైక్‌లు ఒకే మనిషి ముందు పెట్టి, ఒక కేబుల్ మాత్రమే ఇలా తారుమారైతే, ఒక మైక్ సిగ్నల్ పైకి వెళ్తున్నప్పుడు రెండోది కిందికి వెళ్తుంది. రెండూ కలిస్తే ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుంటాయి, గొంతులో బరువు పోతుంది. రికార్డింగ్‌లో రెండు మైక్‌లనీ వేర్వేరు ట్రాక్‌లుగా తీసుకుని ఉంటే తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఒకదాన్ని తిరగేసి బాగు చేయొచ్చు. లైవ్‌లో అయితే ఆ క్షణం అయిపోయినట్టే.

అసలు పరీక్ష: కదిలించడం

ఆఫీసులో కొన్ని టెస్ట్‌లు ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్ అవుతుంటాయి. వాటిని ఫ్లేకీ టెస్ట్ అంటాం. పాస్ అయినప్పుడు చూసి సంతోషపడితే ప్రొడక్షన్‌లో పడగొడుతుంది. కేబుల్‌లో కూడా అంతే. పూర్తిగా తెగిన వైర్‌తో ఇబ్బంది లేదు, మొదటి నిమిషంలోనే దొరికిపోతుంది. తెగీ తెగనట్టు, కొసలు రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్న వైరే ముంచుతుంది. బల్ల మీద కదలకుండా పడుకున్నప్పుడు దాంట్లో కరెంట్ బాగానే వెళ్తుంది.

ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది:

1. కేబుల్‌ని టెస్టర్‌లో పెట్టి, ముందు మామూలుగా లైట్లు చూస్తా.

2. ఒక వైపు కనెక్టర్ వెనుక ఉన్న రెండు మూడు అంగుళాల వైర్‌ని పట్టుకుని నాలుగు దిక్కులా వంచుతా. ప్రతి దిక్కులో ఒక సెకను ఆగుతా.

3. అదే చోట వైర్‌ని కనెక్టర్‌లోకి కొంచెం తోసి, మళ్లీ కొంచెం లాగుతా. గట్టిగా కాదు, మైక్ పట్టుకుని నడిచే మనిషి ఎంత లాగుతాడో అంత.

4. కనెక్టర్‌నే సాకెట్‌లో అటూ ఇటూ ఊపుతా. ఇక్కడ లైట్ ఆరితే తప్పు వైర్‌లో కాదు, పిన్ లూజ్ అయి ఉండొచ్చు, తుప్పు కూడా కావచ్చు.

5. రెండో వైపు ఇవే మూడు పనులు.

6. చివరికి మధ్య భాగాన్ని అడుగడుగునా వేళ్ల మధ్య తడుముకుంటూ వెళ్తా. నలిగిన చోటు చేతికి తెలుస్తుంది. వినాయక నిమజ్జనం రోజున రోడ్డుకి అడ్డంగా వేసిన కేబుల్ మీద నుంచి ట్రాక్టర్ వెళ్లిందంటే, పైన తోలు బాగానే ఉన్నా లోపల వైర్ నలిగి ఉంటుంది.

కొన్ని టెస్టర్‌లలో క్షణం పాటు కనెక్షన్ పోయినా గుర్తుపెట్టుకుని ప్రత్యేకంగా ఒక లైట్ వెలిగించే సౌకర్యం ఉంటుంది. కొత్తగా కొనేవాళ్లు ఇది ఉందో లేదో చూసి కొనండి. సాకెట్లు ఎన్ని ఉన్నాయన్నదాని కంటే నాకు ఇదే ముఖ్యం. కంటితో చూస్తే రెప్పపాటులో ఆరి వెలిగిన లైట్ తప్పిపోతుంది.

పాటలో మ్యూజిక్ ఉంది, గొంతు లేదు!

ఇది మన ఫోన్ వాళ్లందరికీ ఏదో ఒకరోజు ఎదురయ్యేదే. ఫోన్‌లో పాట పెడితే తబలా, వయొలిన్ అన్నీ వస్తాయి, పాడేవాళ్ల గొంతు మాత్రం ఎక్కడో దూరంగా, లేదా అసలే లేదు. వెంటనే "ఫోన్ ఖరాబైంది" అంటారు. ఫోన్ తప్పు చాలాసార్లు కాదు.

సినిమా పాటల్లో ప్రధాన గొంతుని సాధారణంగా ఎడమ, కుడి రెండు చానల్స్‌లోనూ సమానంగా పెడతారు. ఏ కారణం చేతైనా ఎడమలోంచి కుడిని తీసేస్తే, రెండింట్లో సమానంగా ఉన్నది సున్నా అయిపోతుంది. తేడాగా ఉన్న వాయిద్యాలు మిగులుతాయి. ఇలా జరగడానికి రెండు దారులున్నాయి.

మొదటిది, ఇయర్‌ఫోన్ వైర్‌లో గ్రౌండ్ తెగడం. అప్పుడు రెండు చెవుల స్పీకర్లూ ఒకదాని వెనుక ఒకటిగా ఎడమ, కుడి చానల్స్ మధ్య చిక్కుకుంటాయి. మీరు వినేది ఆ రెండింటి తేడా. మందపాటి ఫోన్ కవర్ వల్ల జాక్ పూర్తిగా లోపలికి దిగకపోయినా గ్రౌండ్ తగలక ఇదే అవుతుంది. కాబట్టి ముందు కవర్ తీసి చూడండి. ఎక్స్‌టెన్షన్ కేబుల్ వాడుతుంటే దాన్ని టెస్టర్‌లో పెట్టండి, స్లీవ్ లైట్ ఆరితే దొంగ దొరికినట్టే.

రెండోది, కేబుల్ బాగానే ఉండి, వాడిన చోటు తప్పు కావడం. ఫోన్ నుంచి స్టీరియో ఈపీ, ఇంకో కొస స్టీరియో పీ38. దాన్ని తీసుకెళ్లి మిక్సర్‌లో బ్యాలెన్స్‌డ్ మోనో ఇన్‌పుట్‌లో గుచ్చారు. ఆ ఇన్‌పుట్ పనే టిప్ లోంచి రింగ్‌ని తీసేయడం. కేబుల్ మీద బయటి నుంచి పడ్డ హమ్ రెండు వైర్ల మీదా సమానంగా పడుతుంది కాబట్టి, తీసివేతలో హమ్ పోయి సిగ్నల్ మిగలాలని దాని ఉద్దేశం. మన దగ్గర టిప్‌లో ఎడమ, రింగ్‌లో కుడి ఉన్నాయి. హమ్‌తో పాటు గాయని గొంతు కూడా పోయింది! టెస్టర్ ఇక్కడ "కేబుల్ ఓకే" అనే చెప్తుంది, అది నిజం కూడా. కావాల్సింది ఒక స్టీరియో ఈపీ నుంచి రెండు మోనో పీ38లుగా చీలే కేబుల్, రెండు చానల్స్‌లో పెట్టడానికి.

ఆ చీలిక కేబుల్‌ని టెస్ట్ చేసేటప్పుడు ఒక్కో కాలు విడిగా చూడాలి. ఎడమ కాలికి టిప్ నుంచి టిప్, కుడి కాలికి రింగ్ నుంచి టిప్, రెండింటికీ స్లీవ్ నుంచి స్లీవ్. ఎడమ కాలిలో రింగ్ లైట్ రాలేదని కంగారు పడకండి, రాకూడదు కూడా.

ఇంకో జాగ్రత్త. మైక్ ఉన్న ఇయర్‌ఫోన్స్ జాక్‌కి నాలుగు భాగాలుంటాయి: ఇప్పటి ఫోన్‌లలో ఎడమ, కుడి, గ్రౌండ్, మైక్ అనే వరుసలో. చాలా టెస్టర్‌ల 3.5 ఎంఎం సాకెట్ మూడు భాగాలకే. నాలుగు భాగాల క్లిప్ మైక్ ఎక్స్‌టెన్షన్‌ని దాంట్లో పెట్టి లైట్లు వచ్చాయంటే, అసలు మైక్ లైన్‌ని అది చూసి ఉండకపోవచ్చు.

టెస్టర్ లేదా? మల్టీమీటర్ చాలు

కంటిన్యుటీ మోడ్‌లో బీప్ వస్తే వైర్ ఉన్నట్టు. కానీ చాలా మల్టీమీటర్లు కొన్ని పదుల ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉన్నా బీప్ ఇస్తాయి. అందుకే బీప్ విన్న తర్వాత 200 ఓమ్‌ల రేంజ్‌కి మార్చి అంకె చూడండి. ముందు రెండు ప్రోబ్‌లు ఒకదానికొకటి తాకించి వచ్చిన అంకెని తీసేయండి. 10 మీటర్ల మామూలు మైక్ కేబుల్‌లో ఒక్కో వైర్ సుమారు 1 ఓమ్ లోపే రావాలి. 8, 10 ఓమ్‌లు వస్తే, లేదా వంచినప్పుడల్లా అంకె ఎగిరిపడుతుంటే, అక్కడ ఒకటో రెండో పోగులే మిగిలాయని అర్థం. ఈ విషయంలో మల్టీమీటరే టెస్టర్ కన్నా మెరుగు: టెస్టర్‌కి ఒక్క పోగు మిగిలినా లైట్ వెలిగిపోతుంది. రెప్పపాటు తెగుళ్లని పట్టడంలో మాత్రం మల్టీమీటర్ స్లో, అంకె మారేలోపే అది అతుక్కుంటుంది.

ఏ కొసన తెగిందో తెలియకపోతే ఒక ట్రిక్ ఉంది. మీ మల్టీమీటర్‌లో కెపాసిటెన్స్ మోడ్ ఉంటే, కేబుల్ రెండు కొనలూ వదిలేసి, ఒక కొసన 1, 2 పిన్‌ల మధ్య కొలవండి, తర్వాత రెండో కొసన. మైక్ కేబుల్‌కి మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌లు ఉంటుంది. పొడవు ఎక్కువైతే విలువా ఎక్కువ. ఒక కొసన దాదాపు సున్నా, ఇంకో కొసన నిండు విలువ వచ్చిందంటే, సున్నా వచ్చిన కొస పక్కనే వైర్ తెగింది. తెగీ తెగనట్టున్న వైర్ అయితే లైట్ ఆరే భంగిమలో వంచి పట్టుకుని కొలవాలి. అనవసరంగా రెండు కనెక్టర్లూ విప్పే పని తప్పుతుంది.

టెస్టర్ చెప్పలేనివి

టైప్-సీ నుంచి 3.5 ఎంఎం డాంగిల్స్‌ని టెస్టర్‌తో చూడలేం. చాలావాటి లోపల డిజిటల్‌ని అనలాగ్‌గా మార్చే చిప్ ఉంటుంది, కొస నుంచి కొసకి వైర్ నేరుగా వెళ్లదు. వాటికి దారి ఒక్కటే: పనిచేస్తుందని తెలిసిన ఇంకో డాంగిల్‌తో మార్చి చూడటం. అలాగే షీల్డ్ పలచగా ఉన్న చవక కేబుల్ కూడా టెస్టర్‌లో పాస్ అవుతుంది. తర్వాత ట్యూబ్‌లైట్ చోక్ పక్కన పడుకోబెడితే హమ్ ఎత్తుకుంటుంది.

ఈ పరీక్షలన్నిటి తర్వాత కూడా ఒక పని మిగిలి ఉంటుంది. రికార్డింగ్ జరుగుతున్నంతసేపూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినడం. ఆ రోజు నేను స్క్రీన్ మీద లెవెల్ గీతలు ఊగుతుంటే చూసి సంతోషపడ్డా. కరకర శబ్దానికి కూడా గీతలు ఊగుతాయని అప్పుడు తట్టలేదు.

పాడైతే పారేయొద్దు

వైర్ ఎక్కువగా తెగేది కనెక్టర్‌కి ఆనుకుని ఉన్న రెండు మూడు అంగుళాల్లోనే. ఆ ముక్క కోసేసి, తాజా వైర్‌ని మళ్లీ టంకం వేసి, కనెక్టర్ వెనుక ఉండే బిగింపుని వైర్ తోలు మీద సరిగ్గా కూర్చోబెడితే కేబుల్ మళ్లీ కొత్తదే. ఆ బిగింపు లేకపోతే లాగుడు మొత్తం టంకం మీదే పడుతుంది. టంకం వేశాక మళ్లీ టెస్టర్, మళ్లీ కదిలింపు. ఇక చుట్టేటప్పుడు అరచేతికి, మోచేతికి మధ్య గట్టిగా బిగించి చుట్టకండి. వైర్ మెలిక పడి లోపల పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. దాని సహజమైన వంపు ఎటుందో అటే, పెద్ద చుట్టలుగా వదులుగా చుట్టండి.

అన్న ఆ 5 మీటర్ల కేబుల్‌ని నా ముందే బాగు చేశాడు. మైక్ వైపు రెండు అంగుళాలు కోస్తే, 2వ నంబర్ వైర్ తోలు లోపల రాగి పోగులన్నీ తెగి, కొసలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. బయటికి ఏమీ కనిపించలేదు. డబ్బులు ఇవ్వబోతే, "పైసలొద్దు గని, కేబులే తీస్కపో తమ్మీ" అన్నాడు.

ఇప్పుడది నా దగ్గరే ఉంది, కొసకి ఎర్ర టేప్ చుట్టి. నానమ్మ పాడిన 11 నిమిషాలు ఫోన్‌లో ఒకటి, ల్యాప్‌టాప్‌లో ఒకటి, అక్క దగ్గర ఒకటి దాచాం. మిగతా 36 నిమిషాల్లో ఏ పాటలు ఉండేవో మా అత్తకి కొన్ని పల్లవుల దాకా గుర్తున్నాయి. ఈ దసరాకి ఆమెని కూర్చోబెట్టి రికార్డ్ చేయబోతున్నా. మీ ఇంట్లో కూడా ఇలా రికార్డ్ చేయాల్సిన గొంతు ఒకటి ఉంటే, పండగ దాకా ఆగకుండా ఈ వారమే కేబుల్ తీసి, టెస్టర్‌లో పెట్టి, వంచి చూడండి.